ఓడజాబితాలో లేని ఇంటిపేరు: ఉత్తరాంధ్ర ఒప్పంద కూలీల వంశమూలాల అన్వేషణ

వ్యాససంగ్రహం:
19వ శతాబ్దంలోనూ 20వ శతాబ్దం తొలి దశకాల్లోనూ విశాఖపట్నం, గంజాం జిల్లాల నుండి మారిషస్, నేటాల్, ఫిజీ వంటి బ్రిటిష్ వలసలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి సంతతి నేడు తమ పూర్వికుల ఊరినీ, ఇంటినీ వెతుక్కుంటోంది. అక్కడి దస్తావేజులు వ్యక్తినామాన్నీ, తండ్రిపేరునూ, ఊరినీ భద్రపరిచాయి గాని ఇంటిపేరును నమోదు చేయలేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు పల్లెల్లో వంశాన్ని గుర్తించేది ఇంటిపేరుతోనే. ఈ రెండు గుర్తింపు పద్ధతుల మధ్య ఏర్పడిన ఖాళీని, దానిని కొంతవరకైనా పూరించగల భాషాపరమైన, దస్తావేజుపరమైన ఆధారాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఒప్పంద కూలీలు, ఉత్తరాంధ్ర, ఇంటిపేరు, వ్యక్తినామాలు, ఓడజాబితాలు, వంశమూలాలు, ప్రవాసాంధ్రులు.

1. ఉపోద్ఘాతం:

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బన్ రేవుకు చేరింది. అది మొదలు 1911 వరకు నేటాల్ వలసకు వెళ్లిన భారతీయ ఒప్పంద కూలీల సంఖ్య 1,52,184. వీరిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు మార్గంలో వెళ్లినవారే. మారిషస్‌కు ఈ ప్రయాణం అంతకు ముందే, 1834లో, 'అట్లాస్' ఓడతో మొదలైంది. ఫిజీకి 1879 నుండి 1916 వరకు 60,965 మంది బయలుదేరగా, మద్రాసు నుండి ఓడలు నడవడం మాత్రం 1903లోనే ప్రారంభమైంది. ఈ మూడు ప్రవాహాల్లోనూ నాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారున్నారు.

వీరి మునిమనుమలు, వారి బిడ్డలు నేడు అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: మా వాళ్లు ఏ ఊరివారు, ఏ ఇంటివారు? ఈ ప్రశ్న భావోద్వేగంతోనే ఆగదు. విదేశాల్లోని భారత సంతతివారికి ఇచ్చే ఓ.సి.ఐ. కార్డుకు పూర్వికుల భారతీయ మూలాన్ని కాగితంతో రుజువు చేయాలి. సాధారణంగా మునిమనుమల తరం వరకే ఉన్న ఈ అర్హతను మారిషస్ వారికి ఏడవ తరం వరకు విస్తరిస్తున్నట్లు 2024 మార్చిలో ఆ దేశ పర్యటన సందర్భంగా రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రకటించారు. తరాలు పెరిగిన కొద్దీ సాక్ష్యం పలచబడుతుంది. పలచబడిన సాక్ష్యం మీద నిలిపిన వంశవృక్షం ఒక కుటుంబాన్ని తనది కాని ఇంటి గుమ్మం ముందు నిలబెట్టవచ్చు. కాబట్టి ఏ ఆధారం ఎంతవరకు చెప్పగలదో ముందుగా తేల్చుకోవలసి ఉంటుంది.

2. దస్తావేజులు ఏమి చెబుతాయి?

నేటాల్ ఓడజాబితాల్లో ప్రతి వ్యక్తికీ ఒక కలోనియల్ నంబరు ఉంటుంది. దాని ఎదుట పేరు, తండ్రిపేరు, వయసు, లింగం, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు, శరీరంపై గుర్తులు వరుసగా నమోదయ్యాయి. ఫిజీ ప్రయాణ అనుమతి పత్రాల్లో వీటికి తోడు దగ్గరి బంధువు పేరు రాసే గడి కూడా ఉంది. ఈ పత్రాలు సువాలోని ఫిజీ జాతీయ పురాభిలేఖాగారంలో ఉన్నాయి. మారిషస్‌కు చెందిన వలస రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. 1860ల తరువాతి వారిలో అనేకుల ఛాయాచిత్రాలు కూడా అక్కడ లభించడం విశేషం. స్వదేశంలో ఒక నిరుపేద వ్యవసాయ కూలీ ముఖాన్ని ఆ రోజుల్లో ఎవరూ ఫొటో తీయలేదు. తోటల యజమానులకు మనిషిని పట్టుకోవలసిన అవసరం ఉంది గనుక అక్కడ తీశారు.

ఈ వివరాలన్నీ చూసినప్పుడు మూలాన్ని కనిపెట్టడం సులువే అనిపిస్తుంది. ఆ భ్రమ ఊరిపేరు గడి దగ్గరే తొలగిపోతుంది. రోమన్ లిపిలో రాసిన ఊరిపేరులో త-ట, ద-డ, న-ణ, ల-ళ భేదాలు, హ్రస్వదీర్ఘాలు చెరిగిపోతాయి. నాలుగక్షరాల ఊరిపేరుకు పది పఠనాలు సాధ్యమవుతాయి. పట్టణాల పేర్లకైతే నాటి అధికారిక రూపాలు తెలుసు: చికాకోల్ శ్రీకాకుళం, బిమ్లిపటం భీమునిపట్నం, పాల్కొండ పాలకొండ. పల్లెలకు అటువంటి స్థిరరూపం లేదు. మద్రాసు డిపోలోని గుమాస్తా తన చెవికి వినిపించినట్లు, తన భాషాభ్యాసం నడిపించినట్లు రాసుకున్నాడు.

దీనికి తోడు ఈ ప్రాంతంలో ఒకే పేరు గల ఊళ్లు అనేకం. కొత్తవలస, కొత్తపేట వంటివి మండలానికొకటి ఉన్నా ఆశ్చర్యం లేదు. పెద, చిన అనే విశేషణాలు గుమాస్తా చేతిలో రాలిపోతే రెండు ఊళ్లు ఒకటవుతాయి. అసలు 'వలస' అన్న ఉత్తరపదంతో ఇన్ని ఊళ్లుండడమే గమనించదగిన సంగతి. ఓడ ఎక్కకముందే ఈ నేల మీద మనుషులు ఊళ్లు మారారనీ, మారిన చోటుకు ఆ మార్పునే పేరుగా పెట్టుకున్నారనీ ఈ పేర్లు సూచిస్తున్నాయి. కాబట్టి జాబితాలో రాసిన ఊరు పుట్టిన ఊరో, చివరగా కూలి చేసుకున్న ఊరో అన్న సందేహం ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

3. జిల్లా పేరు వెనుక మారిన సరిహద్దులు:

పూర్వికుల పత్రంలో 'గంజాం జిల్లా' అని చూసి ఒడిశాలో వెతికేవారు నేటికీ ఉన్నారు. ఒప్పంద కూలీల కాలమంతటా శ్రీకాకుళం తాలూకా గంజాం జిల్లాలోనే ఉంది. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలూ అంతే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలోని తెలుగు ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. 2022 పునర్వ్యవస్థీకరణలో పార్వతీపురం మన్యం, అనకాపల్లి జిల్లాలు వచ్చాయి. అంటే విశాఖపట్నం జిల్లా, పార్వతీపురం తాలూకా అని రాసి ఉన్న వ్యక్తి ఊరు నాలుగు జిల్లా కేంద్రాల చరిత్ర గల ఊరు కావచ్చు.

పర్లాకిమిడి విషయం మరింత చిక్కైనది. ఆ పట్టణం ఒడిశాకు వెళ్లగా ఆ జమీందారీకి చెందిన మైదాన గ్రామాలు చాలా వరకు ఇటువైపు మిగిలాయి. జమీందారీ పేరును ఊరిపేరుగా చెప్పుకున్న మనిషి నేటి ఏ రాష్ట్రానికి చెందినవాడో ఆ ఒక్క మాట చెప్పలేదు.

4. వ్యక్తినామాల సాక్ష్యం:

ఊరు తేలని చోట తెలుగు పరిశోధకునికి ఉపయోగపడే బలమైన ఆధారం వ్యక్తినామం. ఉత్తరాంధ్ర పేర్లు స్థానిక దేవతల చుట్టూ అల్లుకున్నాయి. సింహాచలం వరాహలక్ష్మీనరసింహస్వామి జనవ్యవహారంలో అప్పన్న. ఆయన పేరు మీదుగా అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసయ్య, అప్పలమ్మ వంటివి వచ్చాయి. కొండపేరే మనిషిపేరై సింహాచలం, సింహాద్రి అయింది. సింహాచలం స్త్రీలకూ పురుషులకూ ఉండే పేరు. విజయనగరం పైడితల్లి నుండి పైడిరాజు, పైడయ్య, పైడమ్మ. శ్రీకూర్మం నుండి కూర్మయ్య, కూర్మారావు, కూర్మమ్మ. అసిరితల్లి నుండి అసిరయ్య, అసిరమ్మ. అనకాపల్లి నూకాలమ్మ నుండి నూకరాజు, నూకయ్య ఏర్పడ్డాయి. సన్యాసి, సన్యాసమ్మ అన్నవి కూడా ఈ ప్రాంతంలోనే అధికంగా వినిపిస్తాయి.

దక్షిణాఫ్రికాలో 'అప్పల్‌సామి', 'అప్పల్‌రాజు' అన్నవి నేడు కుటుంబనామాలు. పూర్వికుని వ్యక్తినామం సంతతికి శాశ్వతమైన ఇంటిపేరుగా స్థిరపడిన తీరుకు ఇవి నిదర్శనాలు. 'స్వామి' 'సామి' కావడాన్ని తమిళ గుమాస్తా ప్రభావంగా చూపడం పరిపాటి. ఆ వివరణను పూర్తిగా అంగీకరించడం కష్టం. ఉత్తరాంధ్ర వాడుకలోనే సంయుక్తాక్షరంలోని వకారం లోపించి 'సామి' అనడం ఉంది. 'సన్యాసి' 'సన్నాసి' కావడమూ అటువంటిదే. గుమాస్తా తప్పుగా రాశాడని ఎక్కడ భావిస్తామో అక్కడ అతడు సరిగ్గానే విని ఉండవచ్చు. మధ్య అచ్చు లోపించి 'అప్పల' 'అప్పల్' కావడం మాత్రం లిపి మార్పిడి వల్లనో, తరువాతి తరాల ఇంగ్లీషు ఉచ్చారణ వల్లనో వచ్చినదిగా భావించవచ్చు.

రాముడు, లక్ష్మమ్మ, వెంకటస్వామి వంటి పేర్లు ఏ ప్రాంతాన్నీ పట్టి చూపవు. 'నాయుడు' మరింత దారి తప్పిస్తుంది. ఉత్తరాంధ్ర వెలమ, కాపు కుటుంబాల్లో ఎంత సహజమో చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల్లోనూ, తమిళదేశంలో స్థిరపడిన తెలుగువారిలోనూ ఆ బిరుదు అంతే సహజం. పైగా వలసల్లో కులాన్ని సూచించే పేర్లను కొత్తగా స్వీకరించినవారూ ఉన్నారు. కాబట్టి డర్బన్‌లోని ఒక 'నాయుడు' కుటుంబాన్ని ఆ పేరు ఆధారంగా విజయనగరానికి చేర్చడం ఊహే అవుతుంది.

పేరు ప్రాంతాన్ని చూపుతుందే గాని ఇంటిని చూపదు. తాత పేరు మనుమడికి పెట్టుకునే ఆచారం దీనికి ప్రధాన కారణం. సింహాచలానికి ముగ్గురు కొడుకులుంటే ఆ ముగ్గురి ఇళ్లలోనూ ఒక్కొక్క సింహాచలం పుడతాడు. ఊళ్లో వారిని పెద్ద సింహాచలం, నడిపి సింహాచలం, చిన్న సింహాచలం అని వేరు చేసి పిలుస్తారు. రిజిస్టరులోకి ఈ విశేషణాలు ఎక్కలేదు. అన్నదమ్ముల బిడ్డలు ముగ్గురిలో ఓడ ఎక్కినది ఎవరో తండ్రిపేరు చూస్తే తెలియాలి; కాని ఆ తండ్రుల్లోనూ ఒకడు అప్పన్న, మరొకడు అప్పలస్వామి అయి ఉంటారు. ఇద్దరినీ ఊరు అప్పడనే పిలుస్తుంది.

5. ఇంటిపేరు లేని వరుస:

సమస్యకు కేంద్రం ఇక్కడ ఉంది. తెలుగు సమాజంలో ఇంటిపేరు తండ్రి నుండి బిడ్డకు సంక్రమించి వ్యక్తినామానికి ముందు నిలుస్తుంది. ఒకే కులంలో ఒకే ఇంటిపేరు గలవారు దాయాదులన్న భావనతో పెళ్లిసంబంధం కలుపుకోరు. పల్లెలో ఫలానా అప్పన్న అంటే ఎవరికీ తెలియదు. ఫలానా వారి అప్పన్న అనాలి. ఉత్తరాంధ్ర పల్లెలో వంశస్మృతి అంతా ఈ 'వారి' అన్న మాట మీదనే నడుస్తుంది.

వలస పాలకుల జాబితాలో దీనికి గడి లేదు. దీనిని గుమాస్తాల అజ్ఞానంగా మాత్రమే తీసుకోనక్కరలేదు. నమోదు పత్రం నమూనాలో వ్యక్తి, తండ్రి, కులం అన్న మూడింటికే చోటుంది. తమిళులకూ బిహారీలకూ వాడిన ఆ నమూనానే తెలుగువారికీ వాడారు. తమిళ వ్యవహారంలో తండ్రిపేరు చాలు, తెలుగుకు చాలదు. దాని ఫలితం తరువాతి తరాల మీద పడింది. మారిషస్ పౌర రిజిస్టర్లలోనూ, నేటాల్ నమోదుల్లోనూ పూర్వికుని వ్యక్తినామమే వారసుల కుటుంబనామంగా మారింది. ఇప్పుడు ఒక వారసుడు 'అప్పల్‌సామి' వారిని వెతుకుతూ విజయనగరం జిల్లా పల్లెకు వస్తే, ఆ పేరుతో అక్కడ ఏ కుటుంబమూ ఉండదు. వెతుకుతున్నది ఇంటిపేరు కాదు గనుక. వెతకవలసిన ఇంటిపేరు ఆయన వద్ద లేదు.

ఇంటిపేరు దొరికినా చిక్కులు పూర్తిగా తీరవు. ఈ ప్రాంతపు ఇంటిపేర్లలో ఊరిపేర్ల నుండి వచ్చినవి గణనీయంగా ఉన్నాయి. ఊరిపేరు ఇంటిపేరుగా గల కుటుంబం సాధారణంగా ఆ ఊళ్లో ఉండదు. అక్కడి నుండి మరో ఊరికి వెళ్లిన తరువాతనే ఇరుగుపొరుగు ఆ పేరుతో పిలవడం మొదలవుతుంది. అందువల్ల ఇంటిపేరులోని ఊరికి నేరుగా వెళ్లి వెతకడం ఒక తరం వెనక్కి కాక, అనేక తరాల వెనక్కి వెళ్లడమవుతుంది.

6. కులం గడి:

నేటి ప్రవాస కుటుంబాలు ఈ గడిని చూపించడానికి సంకోచిస్తాయి. పరిశోధకులు దాని మీద అతిగా ఆధారపడతారు. దాని ఉపయోగం పరిమితమే అయినా వాస్తవమైనది. తూర్పు కాపు, కొప్పుల వెలమ, కాళింగ, గవర, యాత, శెగిడి, రెల్లి, జాలారి వంటి పేర్లు ఉత్తరాంధ్రలోనే సాంద్రంగా కనిపిస్తాయి. వీటిలో ఏదైనా స్పష్టంగా నమోదై ఉంటే జిల్లా గడి అస్పష్టంగా ఉన్నా ప్రాంతనిర్ణయం బలపడుతుంది. 'కాపు' అని మాత్రమే ఉంటే ఏమీ తేలదు. వలసకు తీసుకునేవారు ఏ కులం చెబితే ఎంపిక సులువో ముందే నేర్పి చెప్పించిన సందర్భాలు ఒప్పంద వలసల చరిత్రలో ప్రసిద్ధం. కాబట్టి ఈ గడికి స్వతంత్రమైన సాక్ష్యవిలువ ఇవ్వకూడదు.

7. స్వదేశపు మౌనం:

వలసల్లో ఇంత కాగితం ఉంటే స్వదేశంలో ఎంత ఉండాలి? ఈ ప్రశ్నకు సమాధానం నిరాశ కలిగిస్తుంది. 1802 శాశ్వత శిస్తు ఏర్పాటు తరువాత విశాఖపట్నం, గంజాం జిల్లాల్లో అధికభాగం జమీందారీల కిందనే ఉంది. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి సంస్థానాల్లో రైతు శిస్తు కట్టినది జమీందారుకు. రైతువారీ జిల్లాల్లో లాగా ప్రభుత్వ లెక్కల్లో ఒక్కొక్క పట్టాదారు పేరు వరుసగా ఉండే అవకాశం 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం అమలయ్యే వరకు ఇక్కడ లేదు. భూమే లేని కూలీ సంగతి చెప్పనక్కరలేదు. 1866, 1889, 1896-97 కరువు సంవత్సరాల్లో గ్రామం వదిలినవారిలో అధికులు ఇటువంటివారే అయి ఉంటారు. సొంత దేశపు దస్తావేజుల్లో తొలిసారిగా, చివరిసారిగా వీరి పేరు రాసుకున్నది వలస నమోదు అధికారి.

బర్మా వెళ్లినవారి విషయంలో ఆ ఒక్క కాగితం కూడా లేదు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుండి రంగూన్‌కు రాకపోకలు సాగించిన తెలుగు కూలీల సంఖ్య ఒప్పంద కూలీల కంటే చాలా పెద్దది. అది మేస్త్రీ పద్ధతిలో జరిగిన వలస. వ్యక్తికొక నంబరు, ఊరు, తండ్రిపేరు గల జాబితా ఉండదు. బదులుగా జ్ఞాపకం దగ్గరగా ఉంది. 1942లో కాలినడకన తిరిగివచ్చినవారు, 1960లలో కాందిశీకులుగా వచ్చి విశాఖపట్నం బర్మా క్యాంపులో స్థిరపడినవారు తమ ఇంటిపేర్లు మరచిపోలేదు. కాగితం ఉన్నవారికి ఇంటిపేరు లేదు, ఇంటిపేరు ఉన్నవారికి కాగితం లేదు. ఉత్తరాంధ్ర వాడుకలో రంగూన్ 'రంగం'. సముద్రం దాటి తిరిగిరాని మనిషిని పల్లె జ్ఞాపకం రంగం పోయినవాడిగానే నిలుపుకొని ఉండవచ్చు. క్షేత్రపరిశోధకుడు మారిషస్ అనో నేటాల్ అనో అడిగితే లేదన్న జవాబు వస్తుంది; రంగం పోయి తిరిగిరాని వారెవరని అడిగితే కథ మొదలుకావచ్చు.

8. ఆచారం ఎంతవరకు ఆధారం?

మారిషస్ తెలుగువారు నేటికీ సింహాద్రి అప్పన్న పూజను, అమ్మోరు పండుగను, రామభజనను నిర్వహిస్తున్నారు. అక్కడ తెలుగువారిని 'కొరింగీ'లని పిలవడం గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవును గుర్తుచేస్తుంది. బర్మాలోనూ ఈ మాట తెలుగువారికి వాడుకైంది. ఒకే సమాజంలో ఆరాధన సింహాచలాన్ని, పిలుపు కోరంగిని చూపుతున్నాయి. రేవుపేరు ఓడ ఎక్కిన చోటును చెబుతుంది గాని ఊరిని చెప్పదు. పూజ కూడా సామూహికమైనదే. ఉత్తరాంధ్రవారు అధికంగా ఉన్నచోట గోదావరి జిల్లాల కుటుంబం కూడా కొన్ని తరాల్లో అప్పన్న భక్తకుటుంబం కావచ్చు. సమాజం మొత్తానికి వర్తించే సాక్ష్యాన్ని ఒక్క కుటుంబానికి అన్వయించడం వద్దనే పొరపాట్లు ఎక్కువగా జరుగుతున్నాయి.

9. అన్వేషణ నడిచే దారి:

పరిశోధన వలస వైపు నుండి మొదలుకావాలి. తాతముత్తాతల జనన, వివాహ, మరణ పత్రాల్లో ఎక్కడో ఒకచోట పూర్వికుని నంబరు ఉంటుంది. పేరుతో వెతికితే ఒకే పేరు గల పదుల మంది ఎదురవుతారు. నంబరు ఒక్కరినే చూపుతుంది. ఆ నంబరుతో ఓడజాబితాను చేరిన తరువాత ఒక్క వరుసనే చదివి ఊరుకోకూడదు. ముందు పది, వెనుక పది వరుసలు చదవాలి. ఒకే ఊరి నుండి, పక్క ఊళ్ల నుండి కలిసి బయలుదేరినవారికి నంబర్లు తరచుగా పక్కపక్కనే పడతాయి. ఒకరి వరుసలో చెడిపోయిన ఊరిపేరు మరొకరి వరుసలో స్పష్టంగా ఉండవచ్చు. రెండు మూడు పొరుగు ఊళ్లు తేలితే ఒకే పేరు గల అనేక గ్రామాల్లో అసలుది ఏదో నిర్ణయించడం సాధ్యమవుతుంది. నేటాల్ జాబితాలను జాయ్ బ్రెయిన్ వంటి పరిశోధకులు కంప్యూటరు కెక్కించడం వల్ల ఈ పని ఇప్పుడు సులువైంది. భారత ప్రభుత్వం 2008లో 'ట్రేసింగ్ ది రూట్స్' అనే పథకాన్ని కూడా ప్రారంభించింది. ప్రభుత్వం చేసినా పండితుడు చేసినా తెలుగు లిపిలోకి ఊరిపేరును సరిగ్గా మార్చగలవాడు లేకపోతే పని అక్కడే ఆగుతుంది.

ఊరు దొరికిన తరువాత చెప్పగలిగినదేమిటో జాగ్రత్తగా రాయాలి. నంబరు, ఊరు, తండ్రిపేరు కుదిరితే పూర్వికుడు ఈ ఊరి నుండి వెళ్లాడని చెప్పవచ్చు. ఈ ఇంటి నుండి వెళ్లాడనడానికి ఇంటిపేరుకు సంబంధించిన విడి సాక్ష్యం కావాలి. ఈ తేడాను పాటించకుండా, వచ్చిన అతిథిని నొప్పించలేక ఊరిపెద్దలు చూపిన ఇంటిని మూలగృహంగా రాసిపెట్టడం ఒక కుటుంబానికి కాదు, రెండు కుటుంబాలకు అన్యాయం. ఆ రాత రేపు మరొకరికి ఆధారమవుతుంది.

ఇంటిపేరు సాక్ష్యం ఎక్కడ మిగిలి ఉండగలదు? నమోదుల్లో అతి తక్కువ స్థలం పొందిన స్త్రీల వద్ద ఆ అవకాశం ఎక్కువ. ఫిజీ ఓడల్లో నూరుమంది పురుషులకు 40 మంది స్త్రీలుండాలన్న నియమం ఉండేది. ఒంటరిగా వెళ్లిన స్త్రీలూ వారిలో ఉన్నారు. వారి వరుసలో తండ్రిపేరో భర్తపేరో ఒకటే ఉంటుంది. అందువల్ల కాగితం మీద వారి మూలం పురుషుల మూలం కంటే త్వరగా తెగిపోతుంది. అయితే సంబంధాలు కుదుర్చుకునేటప్పుడు ఏ ఇంటివారు ఏ ఇంటివారికి దాయాదులో చూసుకునే పని ఆడవారిదే. పెళ్లిలో, తద్దినంలో పేర్లు చెప్పవలసివచ్చినప్పుడు వాటిని అందించేదీ వారే. తెలుగు మాట మరచిపోయిన ఇంట్లో కూడా అర్థం తెలియని ఒక మాటగా ఇంటిపేరు నిలిచి ఉండవచ్చు. వరీజాక్షి ప్రభాకరన్ దక్షిణాఫ్రికా ప్రవాసాంధ్రుల భాషా సంస్కృతులపై చేసిన పరిశోధన తరువాత ఈ దిశలో క్షేత్రసేకరణకు చాలా చోటుంది. మోకాలోనో డర్బన్‌లోనో కుటుంబాన్ని కలిసినప్పుడు మీ ఇంటిపేరేమిటని అడిగితే పాస్‌పోర్టులోని పేరే చెబుతారు. పెళ్లిసంబంధం చూసేటప్పుడు మీ నాయనమ్మ ఎవరిని వద్దనేది, ఎందుకు వద్దనేది అని అడగడం మేలు.